బెత్తెడు సందు

నాచారం,
ఆదివారం మధ్యాహ్నం.

చి.ల.సౌ. బిందుమాధవికి గిరిప్రసాద్ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ ఆమనీ క్షేమం. అక్కడ నువ్వు క్షేమమేనని నీ ఉత్తరమే చెబుతోంది. కట్టుకున్నవాడు ఆ మాట చదివి సంతోషించాలి. నాకు మాత్రం ముందు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో ఈ ఉత్తరంలోనే రాస్తాను, కాస్త ఓపిక పట్టు.

"ఫోన్లో మీరు నా మాట వినరు. నా వెనకాల ఎవరి గొంతు వినపడుతుందా అని వింటారు. చెప్పాల్సింది ఉంటే ఉత్తరం రాయండి" అని తెనాలి వెళ్ళిన వారానికే తెగేసి చెప్పావు. ఆ రోజు వినపడిన గొంతు మీ చెల్లెలు హరిత ఇంటికి పాలు పోసే ఆయనదని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసేలోపల మాత్రం రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. నలభై ఆరేళ్ళు వచ్చాయి, పెళ్ళీడుకొస్తున్న కూతురుంది, అయినా నా బుద్ధి ఇది. ఉత్తరాలంటే మొదట చిరాకు పడ్డాను కానీ ఇప్పుడు అలవాటైంది. కాగితంలోంచి నీ గొంతు ఒక్కటే వినపడుతుంది.

నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి జవాబు చెప్పడం తేలికే. నాలుగోది ఒక్క వరుస: "ఆ వంటింటి కిటికీ నిజంగా దుమ్ము కోసమే మూశారా?" దాని కింద ఇంకో వరుస రాశావు. హరిత పనిచేసే బడి హాస్టల్లో వంటశాల చూసుకునే ఉద్యోగానికి ఒకటో తారీకులోగా మాట చెప్పాలని, నా జవాబు చూశాకే చెబుతానని. అది చదివి, ఉత్తరం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టి, ఐదు రోజులు దాని వంక చూడకుండా తిరిగాను. ఇవాళ తప్పించుకోను. ముందు తేలికవి చెప్పనీ.

ఆమని బాగుంది. ఉప్పల్ హాస్టల్లో తిండి దండగంటుంది కానీ మనిషి నిగనిగలాడుతోంది. ప్రతి ఆదివారం వచ్చి, నేను ఉతికిన బట్టలు చూసి నవ్వి పోతోంది. పోయిన వారం గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే, "నాన్నా, ఏందీ వాసన? ఇంట్లకు రాంగనే కళ్ళు మండుతున్నయ్. హాస్టల్ల ఒక్కనాడు గూడ గిట్ల కాలే" అంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల, దాని మాట దిద్దడం నేనెప్పుడో మానేశాను. వాసనేమీ లేదే అన్నాను. నిజంగానే నాకేమీ తెలియలేదు.

పుదీనా కుండీ బతికే ఉంది. కిటికీ మూసిన రోజున నువ్వు దాన్ని మేడమెట్ల మీదికి చేర్చావు కదా, అక్కడే గుబురుగా పెరిగింది.

ఇక మూడోది. ఎదురింటి నరేందర్ వాళ్ళమ్మగారికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగావు. రెండు పేజీల ఉత్తరంలో ఆ ఇంటి ఊసు మూడు వరుసలుంది, నేను లెక్కపెట్టాను. నా మోకాళ్ళ సంగతి అడగలేదు. నాకు మోకాళ్ళ నొప్పులు లేవనుకో, అయినా అడగొచ్చు. ఆవిడకి ఫర్వాలేదు, కర్ర పట్టుకుని వరండాలోకి వస్తోంది. ఇది నాకెలా తెలుసో కూడా చెబుతాను.

ఒళ్ళు మండిన సంగతికి వస్తాను. తెనాలి వెళ్ళిన పదో రోజుకే, నెలల తరబడి వదలని ఆ దగ్గు తగ్గిందని రాశావు. పడుకుంటే ఈల వేసినట్టు వచ్చే ఊపిరి ఆగిపోయిందని, తలనొప్పి ఊసే లేదని, హరితతో కలిసి రెండు అంతస్తుల మెట్లు మాట్లాడుతూ ఎక్కానని రాశావు. ఇక్కడ ఏఎస్ రావు నగర్లో ముగ్గురు డాక్టర్లని మార్చాం. సీసాల కొద్దీ మందు తాగావు. నేను లోటు చేయలేదు కదా బిందూ? అటువంటిది, నా ఇల్లు దాటి పోగానే పది రోజుల్లో బాగుపడితే నేనేమనుకోవాలి? నన్ను వదిలితేనే దీనికి ఊపిరి ఆడుతుంది కాబోలు అనుకున్నాను. హరిత మీద కుళ్ళుకున్నాను. ఆ హాస్టల్ వంటశాలకి నాలుగు వైపులా కిటికీలున్నాయని మురిసిపోతూ రాశావే, ఆ కిటికీల మీద కూడా కుళ్ళుకున్నాను. ఊరి గాలి మీద ఈర్ష్య పడే మొగుడు నీకు తప్ప ఇంకెవరికీ ఉండడు.

దానికి తోడు అక్కడ నిన్ను చూసిన డాక్టరొకాయన. "ఇంట్లో ఉంటే ఎక్కువా, బయటికి పోతే తక్కువా? పొడులు వేయించే వంటిల్లు ఎంత ఉంటుంది? పొగ ఎటు పోతుందమ్మా?" అని అడిగాడని, నువ్వు చెప్పిందంతా విని, "మళ్ళీ ఆ గదిలోనే ఆ పని చేస్తే ఇది మళ్ళీ వస్తుంది, ఈసారి తగ్గకపోవచ్చు" అన్నాడని రాశావు. నీ వంటింటి గురించి ఇన్ని ప్రశ్నలడిగిన మగవాడు ఆయనొక్కడే కదా అని ఆ రోజంతా ఆయన్ని తిట్టుకున్నాను. ఆ ప్రశ్నలు అడగాల్సింది ఎవరో గురువారం దాకా నా బుర్రకి ఎక్కలేదు.

నువ్వు వెళ్ళాక ఈ రెండు నెలలూ నేనే వండుకుంటున్నాను. మొదట్లో పప్పు, చారుతో సరిపెట్టాను. పోయిన వారం నాలిక చచ్చిపోయినట్టుండి, నీలాగా కారప్పొడి చేసుకుందామని ఎండుమిరపకాయలు మూకుట్లో వేశాను. కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. ఊపిరి అందలేదు. పొయ్యి కట్టేసి వీధిలోకి పరుగెత్తి, అరుగు మీద కూలబడి దగ్గాను. నేను వేయించింది గుప్పెడు కాయలు. నువ్వు ఉప్పల్ ఆఫీసుల వాళ్ళకి అమ్మే పొడులకోసం వారానికి మూడు రోజులు, పొద్దున తొమ్మిది నుంచి రెండింటిదాకా, పెద్ద మూకుడు నిండా వేయించేదానివి. నేను ఏడింటికి మందుల ఫ్యాక్టరీకి పోతే మళ్ళీ సాయంత్రం ఏడింటికి వచ్చేవాడిని. ఇంట్లో ఉంటే కదా నాకు తెలియడానికి.

అయినా బుద్ధి రాలేదు. బుద్ధి ఫ్యాక్టరీలో వచ్చింది. గురువారం మా మాత్రల గదిలో గాలి మిషను ఆగింది. నేను అక్కడ చేసే పనేమిటో నీకు ఎన్నోసార్లు చెప్పాను, నువ్వు ఆవలించావు. ఆ గదిలోకి బయటి గాలి దొంగతనంగా రాకూడదు. తలుపు అంచులు, అద్దాల చుట్టూ, పైపులు దూరే చోట్ల, వెంట్రుకంత సందున్నా నేను పట్టుకుంటాను, సిలికాన్ జిగురు పూస్తాను. ఒక పుల్లకి పొగ పుట్టించి అది ఎటు వంగుతుందో చూసి లోపం చెబుతాను. లోపలికి మాత్రం వడకట్టిన మంచి గాలి వస్తూనే ఉండాలి, పాతది పోతూనే ఉండాలి. గంటకి ఇరవైసార్లు గది గాలంతా మారాలి. గురువారం అది పదకొండు నిమిషాలు ఆగింది. అంతే, ఆ పూట చేసిన మాత్రలన్నీ పక్కన పెట్టేశారు.

అటువంటిది జరిగితే మేమొక రిపోర్టు రాయాలి. ఎందుకు జరిగింది అని రాసి, దానికి ఎందుకు, మళ్ళీ దానికి ఎందుకు, అలా ఐదుసార్లు. నేను రెండు వరుసలు రాసి పట్టుకెళ్ళాను. మా మేనేజరు సత్యనారాయణమూర్తి గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇదేంటండీ గిరిప్రసాద్ గారూ, మిషను దగ్గరే ఆగిపోయారు? ఇంకా కిందికి దిగండి. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో చూశాను, ఐదో 'ఎందుకు' దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు" అన్నారు.

నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాను. 'గాలి ఎంతసేపు ఆగింది' అన్న గడిలో పదకొండు నిమిషాలు అని రాసి, కలం పక్కన పెట్టి వేళ్ళ మీద లెక్కపెట్టాను. మన వంటింట్లో గాలి ఆగి పద్నాలుగు నెలలు. మాత్రలకి గంటకి ఇరవైసార్లు గాలి మార్చేవాడిని, నా పెళ్ళం వంటింటికి పద్నాలుగు నెలల్లో ఒక్కసారి మార్చలేదు. పైగా ఫ్యాక్టరీ నుంచి అడిగి తెచ్చుకున్న అదే సిలికాన్‌తో, అదే పనితనంతో మూశాను. ఇంకొకడైతే మేకు కొట్టి ఊరుకునేవాడు, సందుల్లోంచి ఎంతో కొంత గాలి ఆడేది. నేను గనక చీమ దూరకుండా మూశాను.

సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి పక్కన ఒక అగరొత్తి వెలిగించి చూశాను. ఫ్యాక్టరీలో అయితే పొగ ఏదో ఒక వైపు వంగుతుంది. ఇక్కడ తిన్నగా పైకి పోయి, సరిగ్గా నీ తల ఉండే ఎత్తులో పరుచుకుని అక్కడే నిలబడిపోయింది. అగరొత్తి అయిపోయిన అరగంటకి కూడా కదల్లేదు. ఆమని చెప్పిన వాసన అప్పుడు నాకు తెలిసింది.

అక్కడే పీట వేసుకుని కూర్చుని నన్ను నేను అడిగాను. బిందుకి దగ్గు ఎందుకొచ్చింది? పొగ పోలేదు. ఎందుకు పోలేదు? కిటికీ లేదు, దాని పై అద్దంలో ఉండే ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా లేదు. ఎందుకు లేవు? నేను మూశాను, నేను పీకేశాను. ఎందుకు మూశావురా? నాచారం లారీల దుమ్ము పొడుల్లో పడుతుందని.

ఆ జవాబు దగ్గర నేను పద్నాలుగు నెలలుగా ఆగిపోయి ఉన్నాను. ఇంకా కిందికి దిగితే అక్కడున్న మనిషి నేనే.

నీ నాలుగో ప్రశ్నకి జవాబు ఇది. దుమ్ము కోసం కాదు.

కిటికీ మూసే ముందు ఒక రోజు ఒంట్లో నలతగా ఉండి మధ్యాహ్నమే వచ్చేశాను. సందు మలుపు తిరుగుతుండగానే నీ నవ్వు వినపడింది. మన సందు సంగతి తెలిసిందే, చెయ్యి చాస్తే ఎదురిల్లు. నువ్వు కిటికీ దగ్గర ఉన్నావు, నరేందర్ ఎదురు వరండాలో. వాడు కండక్టర్ యూనిఫారంలోనే ఉన్నాడు, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, "వదినా, నువ్వు మిరపకాయలు ఏంపుతున్నవా, మమ్ముల ఏంపుతున్నవా? గీ ఘాటుకు మా ఇంట్ల పటంల దేవుడు గూడ తుమ్మిండు!" అన్నాడు. నువ్వు కిటికీ ఊచలు పట్టుకుని వంగిపోయి నవ్వావు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వావు. "దేవుడికి చెప్పండి అన్నయ్యా, ఇంకో అరకిలో ఉంది" అన్నావు.

నేను మలుపులో నిలబడి చూశాను. మీరిద్దరూ నన్ను చూడలేదు. తప్పుగా ఏమీ జరగలేదని అప్పుడూ తెలుసు. అతను అన్నయ్య, నువ్వు వదినవి, పక్కన కుర్చీలో వాళ్ళమ్మగారు కూడా ఉన్నారు. నేను కుళ్ళుకున్నది అందుకు కాదు. ఆ నవ్వు నేను విని ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. ఇంటికి రాగానే నువ్వు మామూలు మొహంతో మంచినీళ్ళిచ్చి, "ఏమండీ, జ్వరమా?" అన్నావు. ఆ నవ్వు నాకెందుకు దాచావని అడగకుండా నీళ్ళు తాగి పడుకున్నాను. అడిగితే నా పరువు పోతుందనుకున్నాను. మరుసటి ఆదివారం సిలికాన్ తెచ్చాను.

నేను అంచులు పూస్తుంటే నువ్వు వెనక నిలబడి ఒకే మాట అడిగావు, "మరి పొగ ఎటు పోతుందండీ?" అని. చిమ్నీ పెట్టిస్తానన్నాను. కిటికీకి అడ్డంగా డబ్బాల అల్మరా కూడా బిగించాను. నువ్వు నా మొహంలోకి ఒక నిమిషం చూసి పుదీనా కుండీ తీసుకుని వెళ్ళిపోయావు. చిమ్నీ ఈ రోజుకీ రాలేదు.

నిన్న శనివారం సెలవు పెట్టి అల్మరా పై సగం విప్పాను. బ్లేడుతో సిలికాన్ కోసి పై రెక్కలు తెరిచాను. ఎదురుగా వరండాలో నరేందర్ తన అమ్మగారి తల దువ్వుతున్నాడు. దువ్వెన గాల్లోనే ఆపి, "ఏందన్నా, గోడకు కిటికీ మొలిసిందా? మీరు మాతోని ఏదో పంచాయితీ పెట్టుకున్నరని అమ్మ ఒకటే ఫికర్ జేస్తుండె" అన్నాడు. పంచాయితీ ఏమీ లేదన్నాను. "వదినకు దగ్గు తక్కువైందా? గోడకెల్లి గూడ ఇనొస్తుండె, పాపం" అన్నాడు. తగ్గిందని చెప్పాను. ఆవిడ కర్ర ఊపి, "ఆమెను జల్దీ రమ్మను బిడ్డా. ఈ పోరడు జోకులేస్తే నవ్వేటోళ్ళు లేక నా పానం తింటుండు" అంది. నరేందర్ వెంటనే, "అమ్మా, అన్నను సూసినవా, నవ్వొస్తే టికెట్ లేకుండ బస్సెక్కినట్టు భయపడుతుండు!" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది బిందూ. ఆపుకుందామన్నా ఆగలేదు. ఊచలు పట్టుకుని నవ్వాను. ఆ వెంటనే మళ్ళీ ఈర్ష్య కూడా పుట్టింది. ఇన్నాళ్ళూ ఇది నువ్వొక్కదానివే అనుభవించావే అని.

ఉత్తరం ఇక్కడితో ముగించి ఉంటే నాకు కొంచెం పరువు మిగిలేది. కానీ సాయంత్రం అల్మరా కింది సగం కూడా విప్పాను. మిరపకాయల డబ్బా, దాని వెనక మడత పెట్టి కుక్కిన పాత చీర ముక్క. నీ నీలం చీరది. అది లాగాను. దాని వెనక, కిటికీ కింది మూలలో, నా సిలికాన్ కోసి ఉంది. కూరలు తరిగే చాకుతో కోసినట్టుంది, అంచు వంకరటింకరగా ఉంది. నాలుగు వేళ్ళు ఆనించి చూశాను. సరిగ్గా బెత్తెడు సందు. దాని చుట్టూ సున్నం మీద పసుపు వేళ్ళ ముద్రలు, కారం వేళ్ళ ముద్రలు, ఒకదాని మీద ఒకటి.

నేను పీట మీద మోకాళ్ళు వేసి, డబ్బా ఉండే చోట తల పెట్టి చూశాను. ముక్కు సరిగ్గా ఆ సందు దగ్గరికి వచ్చింది. చల్లగా గాలి తగిలింది.

మూకుడు దించి, డబ్బా జరిపి, చీర ముక్క లాగి, నువ్వు అక్కడ ఎన్నిసార్లు ఊపిరి పీల్చుకున్నావో నాకు తెలియదు. మళ్ళీ నేను వచ్చే వేళకి గుడ్డ కుక్కి, డబ్బా సర్ది, మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడేదానివి. నన్ను అడిగితే మూస్తానని భయపడ్డావు. నిజమే, మూసేవాడినే.

వెంట్రుకంత సందు పట్టుకునే ఉద్యోగం నాది. పద్నాలుగు నెలలు నా ఇంట్లో ఈ సందు నాకు దొరకలేదు. దొరకనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. రమ్మని కూడా అడగను. డాక్టరు చెప్పిన మాట నిజం, ఆ గదిలో పొగ పూర్తిగా పోయేదాకా నువ్వు రాకూడదు. హాస్టల్ వాళ్ళకి నీ మనసుకి తోచిన మాట చెప్పు. నాలుగు వైపులా కిటికీలున్న చోటు నీకు బాగుంటే అక్కడే ఉండు, నేను ఆదివారాలు తెనాలి బండెక్కుతాను. కుళ్ళుకోనని మాత్రం మాటివ్వలేను. అది నాలో ఉంది, ఈ ఉత్తరంలోనే ఎన్నిసార్లు తల ఎత్తిందో చూశావు కదా. ఇకమీదట దాన్ని నోటితో చెబుతాను, చేతుల్తో చేయను.

పొద్దున వడ్రంగి కొమురెల్లిని పిలిచి కిటికీ రెక్కలు నాలుగూ ఊడదీయించాను. ఊచలు, దోమల వల మాత్రం ఉంటాయి. ఫ్యాన్ మళ్ళీ పై అద్దం చోట బిగించాను. "వానొస్తే ఎట్లన్నా?" అని కొమురెల్లి అడిగాడు. తడవనీ అన్నాను. మిగతా సిలికానంతా గీకి పారేశాను కానీ, ఆ కింది మూల, పసుపు వేళ్ళున్న చోటు మాత్రం ముట్టుకోలేదు. ఆమని తుడుస్తానంటే వద్దన్నాను. ఎందుకని అడిగింది. నీకు రాసే ఈ ఉత్తరం పోస్టు చేశాక చెబుతానన్నాను.

ఇట్లు,
ఆమని నాన్న
గిరిప్రసాద్